పేజీ తిప్పేలోపు

ముప్పై రెండు పేజీలు.
పెద్దవాళ్ళ నోట్లో పళ్ళెన్నో అన్ని.
చదివేవాళ్ళకి మాత్రం ఇరవయ్యే,
అందులోనూ ముందు రెండూ ఊడి ఉంటాయి.
ఈ లెక్క మొదటిరోజే చెప్పింది మోరీన్,
బ్రిస్టల్‌లో, బెడ్‌మిన్‌స్టర్ వైపు,
సైకిళ్ళ షాపు మీది ఆఫీసులో,
కిటికీ అవతల సీగల్ ఒకటి
ఎవరి శాండ్‌విచ్చో మింగుతుండగా.

ఏనుగు కన్ను మధ్య మడతలో పడకుండా చూడటం,
చీకటి గురించిన వాక్యం
నల్లటి బొమ్మ మీద కనబడేలా చూడటం,
బార్‌కోడ్‌కి ఏదో ఒక మూల చోటివ్వమని
బొమ్మలేసేవాళ్ళని బతిమాలడం.
ఇదీ ఉద్యోగం.
"మరి నువ్వేం రాస్తావు?" అనేది ఇంటి ఓనరు.
ఏమీ రాయను. తీసేస్తాను.
ఎనిమిది వందల మాటలొస్తే
మూడు వందలు మిగిలేదాకా తీసేస్తాను.

గ్వెన్ వేసిన ముళ్ళపందికి
తొమ్మిదో పేజీలో ఎర్ర మేజోడు ఎడమకాలికి,
పదో పేజీలో కుడికాలికి.
నేను చూడలేదు. మోరీన్ చూడలేదు.
ఆరువేల కాపీలు ఓడ దిగాక
హల్ నుంచి ఒక ఉత్తరం, ఊదారంగు క్రేయాన్‌తో:
"మేజోడు తప్పు. ఎవరైనా చూసుకోవాలి కదా.
కీరన్, ఆరుంపావు ఏళ్ళు."

రాత్రంతా ఆ పావు గుచ్చుకుంది.
పొద్దున్నే జవాబు రాశాను:
"కీరన్, పేజీ తిప్పడానికి నీకు ఒక్క క్షణం పట్టింది.
ముళ్ళపందికి ఆ మధ్యలో ఒక రాత్రి గడిచింది.
వాగు దాటింది. మేజోడు తడిసింది.
విప్పి, పిండి, చీకట్లో తొడుక్కుంది."

అబద్ధమే.
పిల్లలకి అబద్ధాలు అచ్చేసి జీతం తీసుకునే చోట
నేను సొంతంగా చెప్పిన మొదటిది.
మళ్ళీ ఉత్తరం రాలేదు.
ఒప్పుకున్నాడో,
పెద్దవాళ్ళింతేనని వదిలేశాడో.

తర్వాత పుస్తకాలు అద్దంలోకి వెళ్ళాయి.
కార్డు మీద నా హోదా మూడుసార్లు మారింది,
కుర్చీ మారలేదు.
ముళ్ళపందిని తాకితే తుమ్ముతుంది,
చంద్రుణ్ణి తాకితే ఈల వేస్తాడు.
వాగును తాకితే ఏమవ్వాలో తేల్చడానికి
మూడు మీటింగులయ్యాయి.

కాలమ్ గ్రాఫు చూపిస్తాడు, మంచి కుర్రాడు,
"పదకొండో సెకనుకి వెళ్ళిపోతున్నారు."
మా భాషలో దీన్ని ఊ కొట్టడం అంటారని చెప్పాను.
ఊ ఆగిందంటే నిద్రపట్టిందనైనా అర్థం,
కథ చెడిందనైనా అర్థం.
గ్రాఫుకి ఆ తేడా తెలీదు.
పక్కన పడుకుని చెప్పేవాళ్ళకి తెలుస్తుంది,
ఊపిరి వినిపిస్తుంది గనక.
కాలమ్ రాసుకున్నాడు.
ఏం రాసుకున్నాడో అడగలేదు.

ఒక గొడవ మాత్రం గెలవలేకపోయాను.
కథ అవగానే ఐదు నుంచి వెనక్కి లెక్కపెట్టి
ఇంకోటి దానంతటదే మొదలవుతుంది.
కంచిదాకా వద్దు,
కనీసం వీధి మలుపుదాకా పోనివ్వండి దాన్ని, అన్నాను.
ఐదుని ఏడు చేశారు.
కంచికి ఏడు సెకన్లు.

పోయిన నెల కాలమే పట్టుకున్నాడు మేజోణ్ణి.
"ఒక్క నిమిషం పని. మార్చేస్తే ఎవరికీ తెలీదు."
ఎవరికీ తెలీకుండా దిద్దుకోవడం!
ఒకప్పుడు దానికోసం
నెల జీతమైనా ఇచ్చేదాన్ని.

వద్దన్నాను.
కానీ అద్దం మీద పేజీ తిరగదు, జారుతుంది.
రాత్రి పట్టేంత సందు లేదు.
తొమ్మిదికీ పదికీ మధ్య ఒక నల్ల తెర పెట్టమన్నాను,
ఎక్కడ తాకినా ఏమీ కానిది.
"ఎంతసేపు?"
మేజోడు పిండుకునేంతసేపు.

నాలుగు సెకన్లిచ్చాడు, తన పూచీ మీద.
గ్రాఫు అక్కడ కాస్త కుంగింది.
నలుగురిలో ఒకరు వెళ్ళిపోతున్నారట.
మిగతా ముగ్గురూ
ఆ నల్లదాన్నే తాకుతున్నారట,
ఏమీ కాకపోయినా,
మళ్ళీ మళ్ళీ.