సాక్షి దిమ్మె

దేవరకద్ర మండల వనరుల కేంద్రంల
ఐదు దినాల శిక్షణ.
రిజిస్టర్ల సంతకం పెట్టి
ఇరవై రెండేండ్ల లెక్కల సారును
ఆఖరి బెంచీల కూసున్న,
పిల్లలు కూసునేటి తీరునే, కిటికీ పక్కన.

'సబ్జెక్టుల నడుమ గోడలు తియ్యాలె' అన్నది
శిక్షణ ఇచ్చేటి శశిరేఖ మేడం.
నాకు నవ్వొచ్చింది.
మా బడిల ఒక గోడ
రెండు వానలకే పడ్డది.
ఆ దినం నుంచి నా భిన్నాలు నుస్రత్ మేడం తరగతికి,
ఆమె కప్పగుండె నా నల్లబల్లకు
వినబడుకుంటనే ఉన్నయి.
అయినా మేం ఒక్కనాడు మాట్లాడుకోలే.

మూడో దినం చార్టులు చుట్టిపెట్టి
అందర్ని ఎండల నడిపిచ్చింది.
ఊరవతల ఉపాధి పని, కుంట తవ్వుతున్నరు.
'ఒక పాఠం రాయుండ్రి,
దాని మీద సబ్జెక్టు పేరు ఉండొద్దు.'
మా నలుగురిది ఒక జట్టు.
మొదటి గంటంత కొట్లాటే:
గుంత ఘనపరిమాణం, నాది అన్న.
నేల పొరలు నావన్నది నుస్రత్.
కూలిరేటు, కరువు, వలస అనుకుంట
మొగులయ్య తువ్వాల దులిపి లేచిండు.
తెలుగు చెన్నకేశవులు ఏదీ అడగక
ఎవరిదో గడ్డపార ఎత్తి బరువు చూస్తున్నడు.
ఇగ మార్కులు ఎవరి ఖాతాల పడాలె?
(దానికి ఇప్పటికీ జవాబు లేదు.)

గుంత నడుమ మట్టిదిమ్మె ఒకటి
తలమీద ఇంత గరికతోని
ఎవరూ ముట్టకుంట నిలబడ్డది.
'దీన్ని మరిచిండ్రా?' అన్న.
కుర్మమ్మ పార ఆపింది.
'మరుస్తమా సారూ, అది సాక్షి.
నేల ఏడిదాంక ఉండె, మేమెంత దిగినం,
కొలిచెటోడు వచ్చెదాంక అదే చెప్పాలె.
తవ్వినంక గుంతకు నోరుంటదా?
మా నాయిన కాలువ పనికి పోయిన కాడ
మేస్త్రి రాత్రికి రాత్రి సాక్షిని కూలగొట్టి
ఎనిమిది దినాల కూలి మింగిండు.'

నుస్రత్ దిమ్మెను అరచేత తడిమింది.
గరిక వేరు, ఎర్రమన్ను, చవుడు,
చవుట్లనుంచి ఒక చీమల బాట.
'స-అక్షి, కండ్లున్నది' అన్నడు చెన్నకేశవులు,
'మట్టికి ఆ మాట పెట్టినోడు ఎవడో.'
నేను టేపు తీస్తుంటే
కుర్మమ్మ చేతితోనే కొలిచింది:
రెండు మూరలు, ఒక జానెడు.
టేపు మూడడుగుల తొమ్మిదంగుళాలన్నది.
ఎన్నిమార్లు పట్టినా అంతే.

మొగులయ్య చానసేపటికి నోరు తెరిచిండు.
'మా అవ్వ నన్ను కన్నది
గిట్లాంటి గుంతగట్టు మీదనే.'
పదకొండేండ్ల నుంచి
ఒక్క స్టాఫు రూంల చాయ్ తాగుతున్నం మేము.

ఆ రాత్రి ఫారం నింపినం.
సబ్జెక్టు అన్న గడి ఖాళీ.
పీరియడు అన్న గడిల
నాలుగుసార్లు కొట్టేసిన గీతలు.

సోమవారం.
పడ్డ గోడ ఇటుకల మీద నుంచి
రెండు తరగతులు ఒక్క దిక్కు కూసున్నయి.
అనుకున్నంత సక్కగ ఏం నడవలే.
నుస్రత్ చెప్పేటిది నేను మధ్యల అందుకున్న,
చవుడు ఎందుకు తెల్లగుంటదంటే
నాకే జవాబు రాలే.
వెనుక నుంచి భీమరాయుడు లేచి
'సారూ, ఇది ఏ నోటుబుక్కుల రాయాలె?' అన్నడు.

నుస్రత్ నా దిక్కు చూసింది.
నేను ఆమె దిక్కు.

'వెనుక పేజీల రాయుండ్రి' అన్న.

వెనుక పేజీల రాసినందుకు
ఇన్నేండ్లు చెవులు మెలిపెట్టిన చెయ్యి ఇది,
సుద్దముక్క పట్టుకొని
కొంచెం వణికింది.