ఎడమ ముందు చక్రం

ఎండలోంచి వచ్చిన చక్రం మీద
వెంటనే నీళ్లు పోయకూడదు.
అరచెయ్యి ఆనించి అడగాలి ముందు,
కోపం తగ్గిందా అని.

ఆటోనగర్, టింకరింగ్ షెడ్డు నీడ.
ప్రసూనాంబ గారి పాత ఎస్టీమ్.
బుడమేరు దీన్ని ఇరుసుదాకా ముంచి
పోతూ పోతూ ఊచల సందుల్లో
తన అడ్రసు రాసి పోయింది.
దానికింద ఏళ్లనాటి బ్రేకు పొడి,
కాల్చిన వంకాయ తొక్కలా.

"ఆసిడ్ కొట్టు మీరా, అరగంటలో అయిపోద్ది"
అంటాడు పక్క షెడ్డు ఏడుకొండలు.
అయిపోద్ది. అల్యూమినియం కూడా.

సబ్బునీళ్లు, అరిగిన పళ్ల బ్రష్షు,
నాలుగొందల కాగితం, ఎనిమిదొందలు, రెండువేలు.
చప్పుడు మారుద్ది:
ముందు రంపం, తర్వాత చీపురు,
ఆఖరికి నిద్రపోయే పిల్ల ఊపిరి.
నట్టు గుంటలో
బియ్యపు గింజంత మెరుపు.

మూడయ్యాయి. ఇక ఎడమ ముందుది.
అంచంతా కోతలు, పదిహేడో పద్దెనిమిదో.
ఇరవయ్యేళ్లు ఈ బండి మీదే డ్రైవింగు నేర్పింది ఆవిడ.
కొత్త చెయ్యి ఎప్పుడూ ఎడమకే లాగుద్ది;
పటమట రోడ్డు పక్క రాళ్లన్నీ
ఈ అంచుకు తెలుసు.

"మరకలు తీసెయ్. గీతలు ఉంచు"
అంది ఫ్లాస్కులోంచి టీ వంచుతూ.
"కూలి తగ్గదు మేడం" అన్నాను.

వాల్వుకు ఎదురుగా ఒకటుంది, అన్నిటికన్నా లోతు.
వానపడ్డ సాయంత్రం, బ్రేకనుకుని
యాక్సిలేటర్ తొక్కిన పంతొమ్మిదేళ్ల కాలు.
అందులో మట్టిని
అగ్గిపుల్లకు గుడ్డ చుట్టి తీశాను.

ఆవిడకు గుర్తుందో లేదో.
టీలో చక్కెర ఎక్కువైందని మాత్రం చెప్పాను.