ఫారంలో లేని గడి

బాల్టిమోర్ తూర్పున, పార్కు దాటాక
ఇళ్లు భుజానికి భుజం ఆన్చి నిలబడతాయి,
రాని బస్సు కోసం వరుస కట్టినట్టు.
పన్నెండడుగుల వెడల్పు. ఇద్దరికీ ఒకటే గోడ.
ఇటు తుమ్మితే అటువాళ్లు ‘చిరంజీవ’ అనగలిగేంత గోడ.

నా పని చూడటం. చూసి రాయడం.
నగరం నాకు ఒక ఫారం, ఒక టేపు,
వానలోనూ రాసే పెన్సిలు ఇచ్చింది.
‘శైలి’ అన్న గడిలో నింపుకుంటూ పోతాను.
ఫెడరల్: ఏటవాలు కప్పు, దాని నుదుట ఒకే ఒక్క కిటికీ,
కునుకులో ఒక కన్ను తెరిచినట్టు.
ఇటాలియనేట్: చదును కప్పు, చూరు కింద చెక్కపని,
లోపల అప్పులున్నా మీసం మెలేసుకున్న పెద్దమనిషి.
పక్క వీధిలో ముందుగోడ గుండ్రంగా ఉబ్బి ఉంటుంది.
దానికో పేరుంది, నాకు తెలుసు.
ఆ ఇంటాయన మాత్రం “ఇది భోంచేసిన ఇల్లు” అంటాడు.
అదే రాద్దామనిపిస్తుంది. గడి చిన్నది.

ఆరువందల పదిహేడు. రాతి ముఖం.
రాయి కాదు.
ఇటుక మీద జాలీ బిగించి, సిమెంటు మూడు పూతలు పూసి,
తడారక ముందే ముడతల కాగితంతో అద్ది,
అభ్రకం చల్లి, కోట అని నమ్మించింది.
పైన పటారం, అనుకున్నాను.
లోన ఏముందో ఇంకా తెలియదు.
దీనికి మాత్రం ఫారంలో గడి ఉంది:
‘మూలానికి చెందని పూత. తొలగించదగినది.’

లియోకాదియా బార్టోషిక్ మోకాళ్ల మీద ఉంది.
మూడు చలవరాతి మెట్లు, ప్యూమిస్ ముక్క, బకెట్టు.
అరవై ఆరేళ్ల శనివారాలకి
నడిమెట్టు వాడేసిన సబ్బుబిళ్లలా గుంటపడింది.
అరుగు అనడానికి లేదు, మెట్టే.
కానీ ఆగస్టు రాత్రుల్లో వీధి వీధంతా వీటి మీదే కూర్చుంటుంది,
అంచేత అరుగే.

“పీకెయ్యమని రాస్తావా?”
ఇటుక బయటపడితే పన్ను తగ్గుతుందండీ, అన్నాను.
“ఇటుకా! అది కట్టినవాడి ఇటుక.
ఏటా ఎర్రరంగు వేసింది మేము.
రంగు ఆరాక స్టాష్ నిచ్చెనెక్కి
సన్న కుంచెతో తెల్లగీతలు గీసేవాడు, ఇటుకకీ ఇటుకకీ మధ్య.
అయినా వానొస్తే గోడ లోపలివైపుకి ఏడ్చేది.
యాభై ఎనిమిదిలో ఒకడొచ్చాడు, పెట్టెలో నమూనా ముక్కలతో.
ఇరవై ఏళ్ల గ్యారంటీ.
ఉక్కు మిల్లులో పద్నాలుగు నెలల ఓవర్‌టైం, అమ్మాయ్, ఆ గోడ.
పుట్టినప్పట్నించీ అద్దె గదుల్లో పెరిగినవాడు
ఆ రాత్రి రాతి ఇంట్లో పడుకున్నాడు.
నిద్రపోలేదనుకో. బయటికెళ్లి చూసొచ్చేవాడు.”

గోడని వేలితో తట్టాను. కొన్నిచోట్ల డొల్ల.
చూరు పక్కన పెచ్చు లేచి
పన్ను ఊడిన చిగురులా ఎర్రటి ఇటుక.
బాగుంది. గట్టిగా ఉంది. అదే నా కష్టం.

కిటికీ దోమతెర మీద బొమ్మ వేసి ఉంది:
ఎర్రకప్పు గుడిసె, కొలను, రెండు హంసలు.
వీధిలోంచి చూస్తే బొమ్మే, లోపలి మనిషి కనబడదు.
లోపల్నించి చూస్తే వీధంతా కనబడుతుంది.
“ఈ వారం మూడుసార్లు తిరిగావు,” అంది.
“మంగళవారం మా చూరు చూసి నవ్వావు.
హంసల్లోంచి చూశాను.”

ఏది మూలం?
ఇల్లు పుట్టిన ఏడా, ఇల్లు వాళ్లదైన ఏడా?
గడిలో నాలుగంకెలే పడతాయి.
రాశాను, చెరిపాను, మళ్లీ రాశాను.
కాగితం అక్కడ పలచబడింది.
ఏం రాశావని ఆవిడ అడగలేదు.

దిగుతుంటే తడి మెట్టు మీద నా బూటు అచ్చు పడింది.
నాలుగడుగులు వేశానో లేదో
వెనక బకెట్టు చప్పుడు.
తొలగించదగినది, ఈ వీధిలో,
ఆవిడ దృష్టిలో
అదొక్కటే.