ఏడో చుట్టు

జూరా కొండల్లో జనవరి.
తెల్లారి ఓదీల్ కొట్టు తలుపు తీసేసరికి
గోడ వారన ఆగిపోయి ఉంటాడు
పాలడబ్బాలు మోసే ఇత్తడి మనిషి,
భుజాల మీద జానెడు మంచుతో.

తాళం రంధ్రం వీపు మధ్యలో పెట్టారు,
దురదేస్తే మన చెయ్యీ అందని చోట.
చేసినవాడు తెలివైనవాడో, దుర్మార్గుడో,
ఒంటరివాడో.

రోజుకి ఏడు చుట్లు.
వాతం పట్టిన మణికట్టుతో తిప్పుతుంది.
నాలుగో చుట్టు దగ్గర ఎప్పుడూ పట్టేస్తుంది,
"ఊఁ, కానీ" అంటుంది ఆవుని అదిలించినట్టు.

ఇవాళ ఆరో చుట్టుకి అన్నాడు:
"చాలు, మదాం."

"ఏం, చెడిందా?"

"లేదు. ఏడు తిప్పితే రాత్రి రెండింటిదాకా ఆడతాను.
పని పన్నెండుకే అయిపోతుంది. ఊరు పడుకుంటుంది.
ఆ రెండు గంటలూ ఈ గోడకానుకుని
నా చప్పుడు నేనే వినాలి."

ఓదీల్ ఏమీ అనలేదు.
తాళంచెవి ఏప్రాన్ జేబులో వేసుకుంది.

ఆ రాత్రి పన్నెండుకి
తలగడ పక్క గోడలో ఏదో ఆగిపోయింది.
పదకొండేళ్లుగా
పాత గడియారమేదో అనుకుని
దాని మీదే నిద్రపోయేది.

లేచి కూర్చుంది.
తిప్పని ఆ ఒక్క చుట్టూ
మణికట్టులో సలుపుతోంది.