నా వంతు డుం

ఫోనెత్తి హలో అంటే
గ్యాసు కంపెనీ అమ్మాయి "చెప్పండి సార్" అనేది.
ఈ గొంతుతో పాటలేంటని
ఎవరి ముందూ పాడలేదు నేను,
కెమిస్ట్రీ ల్యాబు వెనక మెట్ల ముందు తప్ప.
ఆ మెట్ల మీద క్యారేజీ తింటూ కెజియా వింది.

కెజియా వాళ్ళ నాన్న అరండల్‌పేట చర్చిలో క్వయర్ నడుపుతాడు.
పుట్టినప్పుడు కవల అన్న ఏడుస్తుంటే
తను రెండో స్వరం అందుకుందట, నానమ్మ చెబుతుంది.
"తబలా వద్దు, కీబోర్డు అసలే వద్దు,
అన్నీ మన నోళ్ళే. దీన్ని అకపెల్లా అంటారు" అంది.
సెలవు చీటీ చూసి ప్రిన్సిపాల్ మేడం
"ఏడుగురికీ ఒకేసారి అక్క పెళ్ళా?" అంది,
అయినా సంతకం పెట్టింది, అక్షింతలు వేసినట్టు.

నఫీసాది పై స్వరం.
దాని కింద లలితాంబిక. ఎనిమిదేళ్ళు సంగీతం నేర్చింది,
ఒక్క స్వరం మీద నిలబడమంటే మాత్రం
పసిపిల్ల మోసుకొచ్చే గిన్నెలో నీళ్ళలా ఊగేది గొంతు.
శిరోమణి నోటితో కుక్కరు, ఆటో,
ఆటో స్టార్టవకపోవడం.
నాకు డుం.

పాట నాలుగు నిమిషాలు, మాటలన్నీ వాళ్ళవి.
వెన్నెలా వాళ్ళదే, కృష్ణ ఒడ్డూ వాళ్ళదే.
నావి మూడువందల పన్నెండు డుంలు.
లెక్కపెట్టాను, ఇంకేం పని.
"ఏదీ, నీ పాట ఓసారి పాడు" అంది అమ్మ.
పాడాను.
పొయ్యి మీద పాలు చూసుకుంటూ
"తర్వాత?" అంది.

పోటీ బెజవాడలో, మార్చి నెలలో.
మార్చి అంటే మా ఊళ్ళో గాలికి కూడా కారం.
నాన్న మిర్చి యార్డులో కాటా గుమస్తా.
చొక్కా మార్చుకునే టైము లేక
పొద్దుటినుంచీ తేజా టిక్కీల మధ్య నిలబడ్డ చొక్కాతోనే బస్సెక్కాడు.
"కాజ టోల్‌గేటు దాకా బస్సంతా ఒకటే తుమ్ములు,
ఈ ఏడు జలుబులెక్కువ" అన్నాడు.

తుమ్మలపల్లి వారి కళాక్షేత్రం.
పేరు చూసైనా జాగ్రత్త పడాల్సింది మేం.
మొదటి వరసలో కూర్చుని, స్టేజీ మీద నన్ను చూసి,
ఆనందం పట్టలేక
కండువా దులిపాడు నాన్న.

ముందు నఫీసా.
పై స్వరం అందకముందే తుమ్ము అందింది.
"చిరంజీవ" అన్నారెవరో పెద్దాయన, అలవాటుగా.
తర్వాత లలితాంబిక, తుమ్ములోనూ గమకం.
శిరోమణి కుక్కరు మూడో విజిల్ దగ్గర పేలింది.
కెజియా చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది,
కళ్ళనిండా నీళ్ళు, తుమ్ము రాదు, పోదు.
అంత బాధ ఇంకే ముఖంలోనూ చూడలేదు నేను.
జడ్జిగారు మార్కుల కాగితం ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

నాకేం కాలేదు.
ఆ చొక్కా ఉతికిన నీళ్ళలో కాగితప్పడవలు వదిలినదాన్ని,
ఆ భుజం మీదే నిద్రపోయినదాన్ని.
డుం.
వెన్నెల పోయింది, కృష్ణ ఒడ్డు పోయింది.
డుం.
అద్దెకి ఖాళీ ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళలా
నా గొంతు ఆ హాలంతా తిరిగి చూసింది,
ఈ మూల, ఆ మూల, పైన ఫ్యాన్ల దగ్గర.
డుం.
నలభై సెకన్లు. అంటే యాభై రెండు.

నాలుగు జట్లొచ్చాయి, మాది నాలుగో స్థానం.
తలా ఒక స్టీలు గ్లాసిచ్చారు.
తిరుగు బస్సులో వెనక సీటంతా వాళ్ళు,
తుమ్ముతూ, నవ్వుతూ, మళ్ళీ తుమ్ముతూ.
ఇప్పుడొస్తున్నాయి తుమ్ములు, చక్కగా శ్రుతిలో.

నాన్న పక్కన నేను.
వారధి మీద ఏమీ మాట్లాడలేదు.
మంగళగిరి దాటాక మెల్లగా,
"అందర్లోకీ నీదే బాగా వినపడిందమ్మా" అన్నాడు.
గ్లాసు అటూ ఇటూ తిప్పి చూసి,
"ఇంతకీ ఆ మాటకి అర్థమేంటి?"