తెల్ల ప్లేటు

బానెట్ మీద పాలసీ ఫారం పరిచి
"వృత్తి" దగ్గర పెన్ను ఆపారు సత్యవేణి గారు.
"మేత కంపెనీలోనేగా అండి ఇంకా?"

"ఆయ్" అనబోయి ఊరుకున్నాను.
వైట్‌స్పాట్ కొట్టాక చెరువులు ఎండగట్టారు,
మార్చిలో మమ్మల్నీ.

ఇప్పుడీ కారు
తెల్లారకుండా ఆకివీడులో బయల్దేరి
ముగ్గుర్ని భీమవరం డయాలసిస్‌కి దింపుతుంది,
మనిషికి నూట యాభై.
ప్లేటు మాత్రం తెల్లదే.

"అద్దెకి తిప్పుతుంటే చెప్పెయ్యండి.
ఉండి దగ్గర ఏ లారీయో గుద్దితే
కంపెనీ మొండిచెయ్యి చూపిస్తది."

పసుపు ప్లేటుకి ప్రీమియం ఎంతో చెప్పారు.
పసుపు ఇంత ఖరీదని
ఏ కిరాణా కొట్లోనూ వినలేదు.

వెనక సీట్లో సూరాయమ్మ
సూదులు గుచ్చిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని
"గురువారం వస్తావు కదా నాయనా" అంది.

సత్యవేణి గారు పెన్నుకి మూత పెట్టారు.
"ముందు ఆవిణ్ణి ఇంటికాడ దింపి రండి."
గడి ఖాళీగానే ఉంది.