పిలిస్తే రాని పిల్లి

కాంగాస్ రేవులో ముసురు ఇంకా విడవని పొద్దున
కాళ్ళు బారజాపుకుని కూర్చుంటుంది ఎర్మిండా
బొటనవేలికి వల తగిలించి.
నలభై ఒక్క ఏళ్ళుగా అదే సూది, అదే కొలబద్ద, అదే ముడి.
రోజుకి నాలుగొందల కన్నులు కడుతుందా,
ఒక్కటీ ఆమె వంక చూడదు.
విసుగెయ్యదా అంటే
"ఎందుకెయ్యదూ, రోజూ వేస్తుంది.
నేనూ దానికో కుర్చీ వేస్తాను" అంటుంది.

నేను కొత్తగా పనిలో చేరినదాన్ని.
అంతకుముందే వీగోలో
పదహారు యూరోలు పోసి తోలు అట్ట పుస్తకం కొన్నాను
బొమ్మలు వేద్దామని.
ఏడాదైంది.
మొదటి పేజీ కడిగిన పళ్ళెంలా
నన్నే చూస్తోంది, ఏం వడ్డిస్తావని.
పెన్సిలు ఇంకా కాగితానికి ఆననే ఆనదు,
తలలో ఒక పంతులమ్మ దగ్గుతుంది.
గీత పడకముందే మార్కులు.

ఒక మధ్యాహ్నం రొట్టె తుంచుకుంటూ చెప్పేశాను ఇదంతా.
ఎర్మిండా బదులివ్వలేదు.
ఎదురుగా తాళ్ళ చుట్ట మీద ఒంటిచెవి పిల్లి.
"దాన్ని పిలువు, ఇరియా" అంది.
పిలిచాను.
బుజ్జగించాను, సార్డీను తోక ఊపాను,
మోకాళ్ళ మీద కూడా దేకాను.
పన్ను వసూలుకొచ్చిన మనిషిని చూసినట్టు చూసి
పడవ చాటుకి పోయింది.

"సరే. ఇక నీ పని చూసుకో."

వల అందుకున్నాను.
చేప నూనె కంపు, వేళ్ళ మధ్య ఉప్పు,
పదకొండో కన్నో పన్నెండో,
పిక్క దగ్గర వెచ్చగా ఏదో ఆనింది.
"తల తిప్పకు" అంది ఎర్మిండా. "చూశావా, పోతుంది."

అంతే. ఆ మాట మీద ఇంకో మాట లేదు.
పాఠం చెప్పానన్న సంగతి కూడా ఆమెకి తెలుసో లేదో.

ఆమె ఏప్రాన్ జేబు నిండా తెగిన దారప్పోగులు,
పచ్చవి, నారింజవి, పేరులేని రంగువి.
ఇంటికి లేచేముందు, బస్సుకి ఇంకా నాలుగు నిమిషాలుండగా
ఏదో ఒకటి ముడేస్తుంది:
ఏడుకాళ్ళ పీత,
మేయరుగారి ముక్కు,
ఇంకోసారి, ఏమిటో తనకే తెలియనిది.
"ఇదేమిటి?"
"ఏమో. రేపు అదే చెబుతుందేమో."
బాగోకపోతే పిల్లులకి విసిరేస్తుంది.
బాగోనివే ఎక్కువ.
"పోతే పోనీ, పడవేం మునగదుగా!"

నవంబరు గాలివానకి మూడు వారాలు పడవలు కదల్లేదు.
వలలు లేవు, పని లేదు.
ఆమెకి కూడా ఏమీ తోచలేదట, ఒక్క ముడి పడలేదట.
భయం వెయ్యలేదా అన్నాను.
"వేసింది.
జేబు మాత్రం ఖాళీ కానివ్వలేదు.
దారిలో దొరికిన పోగల్లా ఏరుకున్నాను.
ఎందుకని అడక్కు, చెయ్యి ఊరుకోదు."

నిన్న ఐసు ఫ్యాక్టరీ రసీదు వెనక,
టిక్కెట్టు డబ్బులు లెక్కేసుకుంటూ,
లెక్క మధ్యలో ఎప్పుడో
పిల్లి గీశాను.
పంతులమ్మ దగ్గింది గానీ అప్పటికే బస్సు కదిలింది.

ఒళ్ళు కుదరలేదు, మీసాలు చీపురుపుల్లలు.
ఉన్న చెవి వంకరపోయింది.
లేని చెవి మాత్రం,
అచ్చం అలాగే దిగింది.

తోలు అట్ట పుస్తకం పనికొచ్చింది.
ఎర్మిండా స్టూలుకి ఒక కాలు పొట్టి,
దాని కింద పెట్టాం.
ఇప్పుడు ఊగడం లేదు.